మాగ్నెట్ మీద మాగ్నెట్ పెడితే కరెంటు రెట్టింపు అయిద్దా?

"ఒక మాగ్నెట్‌కి ఇంత కరెంటు వస్తుంటే దాని నెత్తిన ఇంకోటి పెడితే అంతకంత రావాలి గదరా అల్లుడా, దీనికింత ఆలోచనెందుకు" అన్నాడు మా మామ, నేను గాలిమరకి చేస్తన్న డైనమో సంగతి వచ్చినప్పుడు, రొయ్యల గుంట కట్ట మీద గొంతుక్కూర్చోని బీడీ ముట్టిస్తా. మామేం తెలీని మనిషి కాదు, ఇరవై ఏళ్ళ నించి గుంటలు చేస్తన్నాడు, గుంట నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ మోటారు బేరింగ్ పోతే మెకానిక్ వచ్చేలోపు తనే పీకి మార్చేస్తాడు. అప్పటికి నాకూ అదే కరెక్ట్ అనిపించింది. అనిపించబట్టే ఒక్క ముక్క కూడా టెస్ట్ చెయ్యకుండా ఇంకో డజను మాగ్నెట్లు ఆర్డర్ పెట్టా, మొత్తం 24కి పదివేలు దాకా అయింది, ఇంట్లో మాత్రం నాలుగు వేలని చెప్పా.

మాది ఉలవపాడు నించి సముద్రం వైపు పోతే వచ్చే ఊరు. 2022లో జిల్లాలు మార్చినప్పుడు ప్రకాశం లోంచి నెల్లూరులో కలిపారు మమ్మల్ని, అప్పుడు కూడా మేం సామాన్లకి ఒంగోలే పోయేవాళ్ళం, అది వేరే సంగతి. గుంటల్లో చివరి దాని కాడ కాపలా గుడిసె ఉండాది, ఆడికి కరెంటు లైను లేదు, రాత్రిపూట ఒక లైటు, సెల్ ఛార్జింగు ఉంటే చాలు. మధ్యాహ్నం మూడు దాటితే సముద్రం గాలి కొడతానే ఉంటది గదా, చిన్న గాలిమర పెడదాం అని మొదలు పెట్టా. సోలార్ ప్లేటు కొంటే తక్కువలో అయిపోద్ది గదా అని మీరు అడగబోతున్నారు, నాకు తెలుసు, మా ఇంటిది రోజూ అడుగుద్ది. అవును, అయిపోద్ది. కానీ నాకు డైనమో నా చేత్తో చెయ్యాలని పదో తరగతి నించి పిచ్చి, అంతే.

డైనమో అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. రాగి తీగ చుట్ట (కాయిల్) ముందు నించి మాగ్నెట్ కదిలితే తీగలో వోల్టేజీ పుడుద్ది, ఫారడే 1831లో చూపించిందే ఇది. చుట్టలోంచి పోయే అయస్కాంత ప్రవాహం, ఫ్లక్స్ అంటారు, అది ఎంత ఎక్కువ ఉంటే, ఎంత తొందరగా మారితే అంత వోల్టేజీ. తీగ చుట్లు పెంచినా పెరుగుద్ది, స్పీడు పెంచినా పెరుగుద్ది. గాలిమర మాత్రం స్పీడుగా తిరగదు, నిమిషానికి నూటయాభై రెండొందల చుట్లు తిరిగితే గొప్ప, అందుకని బలం అంతా మాగ్నెట్లలోనే రాబట్టుకోవాలి. బైకు డైనమోలూ కారు ఆల్టర్నేటర్లూ గాలిమరకి సరిగ్గా కుదరంది ఇందుకే, అవి వేలల్లో తిరగటానికి చేసినవి.

ముందు పాత స్పీకర్లు పగలగొట్టి ఆ నల్ల రింగులతో చేశా. అది ఫెర్రైటు, దానికుండే బలం 4000 గాస్ చిల్లర, గాస్ అంటే అయస్కాంత బలం కొలిచే లెక్క. నియోడిమియం అయితే ఎన్‌42 రకానికి 13000 దాకా ఉంటది, మూడు రెట్లు. ఈ నియోడిమియం మాగ్నెట్ 1982లో జపాన్లో మసాటో సగావా అనే ఆయన తయారు చేసింది, అదే టైములో అమెరికాలో కూడా ఇంకో దారిలో చేశారు. అంటే నాకంటే కొంచెం పెద్దది వయసులో. అది రాకపోయుంటే మనలాంటోళ్ళు ఇంట్లో కూర్చోని గాలిమర కట్టే యవ్వారమే ఉండేది కాదు.

సరే, ఎన్‌42 బిళ్ళలు తెప్పించా, 46 మిల్లీమీటర్ల పొడుగు, 30 వెడల్పు, 10 మందం. మొదట 12. మూడొందల మిల్లీమీటర్ల ప్లైవుడ్ చక్రం కోయించి దాని మీద గుండ్రంగా అతికించా. ఈడ చేసిన తప్పు చెప్పుకుంటే నవ్వుతారు. అన్నీ నార్త్ పైకే పెట్టా. నా లెక్కేందంటే అందరూ ఒకే పక్క ఉంటే బలం గట్టిగా ఉంటదని, ఎలక్షన్లలో మాదిరి. తిప్పితే ఏముంది, ఎల్‌ఈడీ మిణుకు కూడా అనలా. వైరు తెగిందేమో అని టెస్టర్ పెట్టి చూశా, తెగలా. మళ్ళా తిప్పా, మళ్ళా తిప్పా, చెయ్యి నొప్పి పుట్టి చక్రం సంకలో పెట్టుకోని కందుకూరులో మాకు తెలిసిన వైండింగ్ మేస్త్రి కాడికి పోయా.

మేస్త్రి చదివింది ఏడో తరగతే. కాయిల్ చేతిలోకి తీసుకోని దాని రెండు పక్కలూ బొటన వేళ్ళతో పట్టుకోని చూపించాడు. "ఇదుగో అబ్బాయా, కాయిల్‌కి ఇటొక పక్క, అటొక పక్క. ఈ పక్క మీద నీ నార్త్ పోతా ఉంది, సరేనా? అదే టైముకి ఆ పక్క మీద కూడా నార్తే పోతా ఉంది. రెండు పక్కల్లోనూ కరెంటు పైకే లేచిద్ది. కాయిల్ గుండ్రం గదా, రెండూ పైకి లేస్తే పైన తగులుకోని ఆడికాడికి సరి. తలుపుకి లోపల ఒకడు బయట ఒకడు నిలబడి నెడితే తలుపు కదులుద్దా?" అన్నాడు. ఈ పక్క మీద నార్త్ ఉన్నప్పుడు ఆ పక్క మీద సౌత్ ఉండాలంట, అప్పుడు ఒక పక్క పైకీ ఒక పక్క కిందికీ లేచి రెండూ కలిసి ఒకే దిక్కున తిరుగుతాయి. నార్త్, సౌత్, నార్త్, సౌత్, ఒకటి విడిచి ఒకటి. అందుకే మాగ్నెట్ల సంఖ్య ఎప్పుడూ సరిసంఖ్యే ఉండాలి, 11 పెడితే ఏదో ఒకచోట రెండు నార్త్‌లు పక్కపక్కన పడతాయి.

అన్నీ నార్తే పెట్టే పద్ధతి కూడా ఒకటి ఉండాదని తర్వాత తెలిసింది, మాగ్నెట్‌కి మాగ్నెట్‌కి మధ్య ఇనప ముక్క నిలబెడితే ఆ ముక్కే సౌత్ లాగా పనిచేసిద్ది, కాన్సీక్వెంట్ పోల్ అంటారు, సగం మాగ్నెట్లతో సరిపెట్టే ఉపాయం. కానీ నా ప్లైవుడ్ మీద ఇనుమూ లేదు ఏమీ లేదు.

అతికించిన వాటిని పీకి మళ్ళా పెట్టేటప్పుడు ఏది ఏ పోలో గుర్తు పెట్టటం పెద్ద పని. సెల్‌లో కంపాస్ యాప్ పెట్టుకోని చూశా, దాని ముందర ఈ బిళ్ళ పెడితే ముల్లు పిచ్చిపట్టినట్టు తిరిగి రెండ్రోజులు ఉత్తరం యాడుందో చెప్పలేకపోయింది. ఊరికే ఒక మాగ్నెట్‌ని గురువు కింద పక్కన పెట్టుకోండి, దాని ఒక మొహానికి ఎర్ర గోళ్ళరంగు రాయండి, మిగతావాటిని ఒక్కోటి దాని దగ్గిరకి తీసుకుపోయి ఎర్ర మొహం నెట్టేసిన మొహాలన్నిటికీ ఎర్ర రంగు వెయ్యండి. అంతే. అసలు నార్త్ ఏదో తెలియక్కర్లా, ఒకటి మారి ఒకటి ఉంటే చాలు. గోళ్ళరంగు మా చెల్లిది, చెప్పకుండా తీసుకున్నా.

పోల్స్ సరిచేసినాక బల్బు వెలిగింది. వెలిగిందంటే వెలిగింది, అంతే. అప్పుడే మామ ఆ మాట అన్నాడు, నేను రెండో డజను ఆర్డర్ పెట్టా.

అవి వచ్చేలోపు కావలి ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ చూసుకునే మా ఫ్రెండు గాస్ మీటర్ పట్టుకొచ్చాడు. ఒట్టి బిళ్ళ మొహం మధ్యన పెడితే 2900 చూపించింది. నాకు తలకాయ తిరిగింది, అమ్మినోడు 13000 అని రాశాడు గదా, మోసం చేశాడ్రా అని వాడికి ఫోన్ చెయ్యబోయా. ఫ్రెండు ఆపాడు. 13000 అనేది ఆ పదార్థం లోపల దాచుకున్న సరుకంట, బయటికి వచ్చేది దాని ఆకారాన్ని బట్టీ, చుట్టుపక్కల ఏముందన్న దాన్ని బట్టీ ఉంటదంట. పల్చటి బిళ్ళకి ముందు మొహం నించి బయల్దేరిన ఫ్లక్స్ వెనక మొహానికి పోవాలి, గాలిలో దారి చేసుకోని చుట్టూ తిరిగి పోవాలి, గాలిలో పోవటం దానికి మహా కష్టం. ఆ కష్టానికే సరుకులో ముప్పాతిక వంతు ఖర్చయిపోతంది.

సరేలే అని బిళ్ళ మీద బిళ్ళ పెట్టి చూశాం. రెండు పెడితే 4500. మామ కరెక్టే గదా అనుకున్నా, రెట్టింపు కాకపోయినా ఒకటిన్నర రెట్లు వచ్చింది. మూడు పెడితే 5300. నాలుగు పెడితే 5700. చూడండి, రెండోది 1600 తెచ్చింది, మూడోది 800, నాలుగోది 400. ప్రతి బిళ్ళకీ రేటు మాత్రం అంతే. అడుగున ఉన్న బిళ్ళ పైమొహానికి దూరం అయిపోతంది గదా, దాని బలం పైదాకా రాకముందే పక్కలకి కారిపోతంది.

తర్వాత ఫ్రెండు ఒక పని చేశాడు, అది చూసి నేను నోరు తెరిచా. ఒక్క బిళ్ళని తీసుకుపోయి వెల్డింగ్ షాపులో పడున్న మందపాటి ఇనప ప్లేటు మీద పెట్టి మీటర్ ఆనించాడు. 4400 చిల్లర. అంటే కిలో అరవై డెబ్బై ఉండే ఇనుము, నాలుగొందలు పెట్టి కొన్న రెండో మాగ్నెట్ చేసే పనే చేసింది. ఎందుకంటే వెనక మొహం కాడ ఫ్లక్స్‌కి గాలిలో తిప్పలు లేకుండా ఇనుము దారి ఇచ్చింది. ఇనుములో పోవటం దానికి హైవే మీద పోయినట్టు. లెక్కల్లో అయితే ప్లేటు అద్దం లాంటిది అంటాడు వాడు, మాగ్నెట్ కింద దాని నీడ మాగ్నెట్ ఇంకోటి ఉన్నట్టే లెక్క, అందుకే రెండు పేర్చినంత వచ్చింది. నాకు అద్దం సంగతి సగమే అర్థమైంది గానీ ఆ రాత్రి నిద్ర పట్టలా, రెండో డజను అప్పటికే కొరియర్‌లో బయల్దేరింది మరి.

ప్లైవుడ్ పక్కన పారేసి ఇనప ప్లేటు కోయించటానికి వెల్డింగ్ షాపుకి పోతే, ఆయన "ఉప్పుగాలి నా, ఇనుమైతే ఆరు నెలల్లో పొట్టు లేచిపోద్ది, స్టెయిన్‌లెస్ స్టీల్ వేసుకో" అన్నాడు. మంచి మాటే, మా గుంటల కాడ ఇనప గేటు గతి చూసినోణ్ణి. 304 రకం ప్లేటు కోసి పాలిష్ కూడా కొట్టి ఇచ్చాడు, మెరిసిపోతంది. ఇంటికి తెచ్చి మాగ్నెట్ పెట్టా, జారి కింద పడింది. ఇంకోటి పెట్టా, అదీ జారింది. 304 స్టీల్‌కి మాగ్నెట్ పట్టదు, ఫ్లక్స్‌కి అది ప్లైవుడ్ ఎంతో అంతే. ఇప్పుడది మా ఇంట్లో వేడి గిన్నెలు దించే ప్లేటు.

రెండోసారి మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటే తీసుకున్నా, కానీ బరువు తగ్గుద్దని 3 మిల్లీమీటర్లది. 12 మాగ్నెట్లు మార్చి మార్చి పెట్టి, వెనక వైపు తిప్పి ఒక మేకు ఆనించా. టక్కున అతుక్కుంది. మేకు అతుక్కుందంటే ఫ్లక్స్ ప్లేటు చాలక వెనక నించి బయటికి పొంగుతా ఉంది అని. పంటకాలవ సైజు చాలకపోతే కట్ట మీద నించి నీళ్ళు పొర్లినట్టు. నార్త్ నించి పక్కనున్న సౌత్‌కి పోయే ఫ్లక్స్ అంతా ఆ ప్లేటు మందంలోనే పోవాలి, ఇనుము కూడా ఒక హద్దు దాటితే ఇంక మోయలేదు. 10 మిల్లీమీటర్ల ప్లేటు వేసినాక మేకు వెనకాల నిలబడలా, జారిపోయింది. ఇంట్లో చేసేవాళ్ళకి ఇంతకంటే చవకైన టెస్ట్ లేదు, గాస్ మీటర్లు గీటర్లు అక్కర్లా.

రెండో డజను వచ్చింది. ఇంక ఊహలు పెట్టుకోకుండా అన్ని రకాలుగా పెట్టి చూడాల్సిందే అని లేత్ షాపు ఆయన్ని బతిమాలి ఒక ఆదివారం పూట లేత్ అడిగి తీసుకున్నా. నిమిషానికి 200 చుట్ల దగ్గిర పెట్టి, 80 చుట్ల కాయిల్ ఒకటి చెక్కకి బిగించి, మాగ్నెట్ మొహానికి కాయిల్ మధ్య భాగం ఏడున్నర మిల్లీమీటర్ల దూరంలో ఉండేట్టు కదలకుండా కట్టా. మాగ్నెట్ల పొందిక ఒక్కటే మారాలి, మిగతావేవీ మారకూడదు. మా బావమరిది మీటర్ చదువుతా నోట్‌బుక్కులో రాశాడు, వాడి రాత వాడికే అర్థం గాదు కాబట్టి నేను కూడా రాసుకున్నా.

ప్లైవుడ్ మీద 12 మాగ్నెట్లు, నార్త్ సౌత్ మార్చి పెడితే 1.6 వోల్టులు. అదే ప్లైవుడ్ మీద 24, ఒకదాని మీద ఒకటి పేర్చి పెడితే 2.4. ప్లైవుడ్ తీసేసి పది మిల్లీమీటర్ల ఇనప ప్లేటు మీద 12 మాత్రమే పెడితే 2.5. ఈడే ఆగి ఒక నిమిషం చూశా, మీటర్ మీద వేలితో కొట్టి కూడా చూశా. ఐదువేల రూపాయల మాగ్నెట్లు, ఐదొందల ఇనప ప్లేటు, రెండూ ఒకే ఫలితం. సరే ఇనప ప్లేటు మీదే 24 పేర్చి పెడదాం, మామ మాట ప్రకారం ఐదు రావాలి. 3.3 వచ్చింది.

తర్వాత పైన పేర్చినవి తీసేసి, 12 మాగ్నెట్ల ప్లేటుకి ఎదురుగా ఒట్టి ఇనప ప్లేటు, మాగ్నెట్లు ఏం లేకుండా, అదే షాఫ్ట్‌కి బోల్టులు వేసి బిగించా. మాగ్నెట్ మొహానికీ ఆ ప్లేటుకీ మధ్య 15 మిల్లీమీటర్ల సందు, ఆ సందులో కాయిల్. 3.9 వోల్టులు! ఒట్టి ఇనుము, పేర్చిన 12 మాగ్నెట్ల కంటే ఎక్కువ ఇచ్చింది. ముందు వైపు కూడా ఫ్లక్స్‌కి దారి దొరికింది గదా, ఇప్పుడది మాగ్నెట్‌లోంచి బయల్దేరి కాయిల్ గుండా నేరుగా ఎదురు ప్లేటులోకి దూకుద్ది, ఆ ప్లేటులోనే పక్కకి జరిగి, పక్క సౌత్ ఎదురుగా మళ్ళా ఇటు దూకి వెనక్కి వచ్చేస్తది. ఒక విషయం గుర్తు పెట్టుకోండి, ఈ ఎదురు ప్లేటు మాగ్నెట్ ప్లేటుతో పాటే తిరగాలి. దాన్ని కదలకుండా పెట్టారంటే దాని లోపలే కరెంటు సుడులు లేచి ప్లేటు వేడెక్కుద్ది, గాలిమరకి బ్రేకు వేసినట్టు అయిద్ది.

ఆఖర్న, పేర్చిన ఆ రెండో డజనునే ఎదురు ప్లేటు మీదకి మార్చా. ఇటు నార్త్ ఉన్నచోట అటు ఎదురుగా సౌత్, ఒకదాన్నొకటి లాక్కునేట్టు. అవే 24 మాగ్నెట్లు, అదే కాయిల్, అదే స్పీడు. 5.8.

మా బావమరిది మీటర్ చెడిపోయిందన్నాడు. ఆపి మళ్ళా తిప్పాం, 5.8.

ఒకే ప్లేటు మీద పేరిస్తే 3.3, రెండు ప్లేట్లకి పంచితే 5.8. పైసా ఖర్చు లేదు తేడాకి. దీనివల్ల ఒరిగేదేందంటే, నా బ్యాటరీ 12 వోల్టులది, నిమిషానికి 140 చుట్ల స్పీడుకే ఛార్జింగ్ మొదలవ్వాలని లెక్కేసుకుంటే కాయిల్‌కి 40 చుట్లే సరిపోయాయి. చుట్లు సగం అయితే అదే జాగాలో తీగ లావు రెట్టింపు పట్టుద్ది, మేస్త్రి రెండు తీగలు జోడించి చుట్టాడు. పొడుగు సగం, లావు రెండింతలు, అంటే కాయిల్ రెసిస్టెన్స్, కరెంటుకి అది అడ్డుపడేది, నాలుగో వంతు. కాయిల్ వేడెక్కి తినేసే కరెంటు ఆ మేరకి తగ్గింది. చుట్లు పెంచి వోల్టేజీ తెచ్చుకోవచ్చు గదా అనేవాళ్ళకి ఇదే నా జవాబు, తెచ్చుకోవచ్చు, సన్న తీగతో తెచ్చుకోని దాన్నే కాల్చుకోవచ్చు.

సందు కూడా అంతే ముఖ్యం. కాయిల్స్ రెసిన్‌లో పోత పోస్తే నాది 13 మిల్లీమీటర్లు తేలింది, అటొక మిల్లీమీటరు ఇటొక మిల్లీమీటరు వదిలా. భయానికి ఇంకో రెండు వదులుదాం అనిపిస్తది, వదిలితే ఆ మేరకి వోల్టేజీ జారిపోద్ది, వదలకపోతే బేరింగ్ కొంచెం ఆడినా మాగ్నెట్ కాయిల్‌ని గీరేస్తది. ఈ విషయంలో మాత్రం ఎవరి ధైర్యం వాళ్ళది.

12 ఎందుకు, 16 పెట్టొచ్చు గదా ఆ ప్లేటు మీద అని కూడా అడిగారు. పెట్టి చూశా, పడతాయి. కానీ లోపలి అంచు కాడ 12 పెట్టినప్పుడు పక్క మాగ్నెట్‌కి 23 మిల్లీమీటర్ల ఎడం ఉంటది, 16 పెడితే 10 మాత్రమే. ఎదురు మాగ్నెట్ 15 దూరంలో ఉంటే పక్కోడు 10 దూరంలో ఉండాడు, ఫ్లక్స్ ఎటు పోద్ది? దగ్గరి దారి చూసుకోని పక్కోడిలోకే పోద్ది, కాయిల్ మొహం కూడా చూడదు. పక్కవాడి ఎడం ఎదురు సందు కంటే ఎక్కువ ఉంచుకోండి. 12 మాగ్నెట్లకి 9 కాయిల్స్, మూడు ఫేజులు, ఒక్కో ఫేజుకి మూడు, ఈ పద్ధతే చాలామంది వాడేది, నేనూ అదే చేశా.

హాల్‌బాక్ గురించి కూడా నన్ను అడుగుతున్నారు కాబట్టి రెండు ముక్కలు. నార్త్ సౌత్‌ల మధ్య ఖాళీల్లో అడ్డంగా తిప్పిన మాగ్నెట్లు ఇరికించి, వెనక వైపు ఫ్లక్స్‌ని కూడా ముందుకే నెట్టే పొందిక అది. 1973లో మాలిన్సన్ అనే ఆయన ముందు చూపించాడు, తర్వాత అమెరికాలో బర్క్‌లీ ల్యాబ్‌లో క్లాస్ హాల్‌బాక్ పెద్ద మెషిన్లకి వాడాడు, ఆయన పేరే నిలబడింది. ఫ్రిజ్‌కి అంటించే రబ్బరు బొమ్మల వెనక ఒక పక్కే అతుక్కుని రెండో పక్క అతుక్కోకపోవటం ఈ కిటుకే. ఇనుము బరువు వద్దనుకునే చోట అది బంగారం. మన గాలిమరకి వెనక ఇనప ప్లేటు ఎట్టాగూ ఉంటది, ఆ పని ఇనుమే చేసేస్తంది, పైగా అడ్డంగా పెట్టే మాగ్నెట్లు వేరే కొనాలి, అవి ఒకదాన్నొకటి తన్నుకుంటా ఉంటే జిగురు ఆరేదాకా ఎవరు పట్టుకోని కూర్చుంటారు. నేను జోలికి పోలా.

రెండు ప్లేట్లు దగ్గిరకి చేర్చే రోజు సంగతి చెప్పాలి. ఒక్క మాగ్నెట్ జత లాక్కునేది ఇరవై కిలోల దాకా ఉంటది ఆ సందులో, 12 జతలంటే రెండొందల కేజీల పైమాటే. దాన్ని చేత్తో దించుదాం అనుకున్నా నేను. దించుతుంటే ఆఖరి రెండు అంగుళాల్లో ప్లేటు నా చేతిలో లేదు, దానంతటదే పోయింది, ఢాం అని. వేలు అంచు మీద ఉంది కాబట్టి గోరుతో పోయింది, లోపల ఉంటే ఈ పోస్టు ఒంటి చేత్తో టైపు చేసేవాణ్ణి. రెండు మాగ్నెట్లు మూలలు పగిలాయి. తర్వాత ప్లేటుకి మూడు చోట్ల మరలు కొట్టించి, పొడుగాటి బోల్టులు దిగేసి, స్పానర్‌తో ఒక్కో చుట్టు తిప్పుతా జాకీ దించినట్టు దించాం. పిల్లల్ని దగ్గిరకి రానీకండి, గుండెకి పేస్‌మేకర్ ఉన్నోళ్ళని అసలుకే రానీకండి.

ఆ మూలలు పగిలిన మాగ్నెట్లు నాకు ఇంకో పాఠం చెప్పినాయి. పైన నికెల్ పూత ఊడినచోట నెల తిరగకముందే బూడిద రంగు పొడి రాలటం మొదలైంది. నియోడిమియం మాగ్నెట్‌లో ఇనుమే ఎక్కువ, మా ఉప్పుగాలికి అది ఉబ్బి పొడైపోద్ది. వాటిని మార్చి, ఫైబర్ బోట్లకి మాట్ వేసే అన్నని పిలిపించా. వేటకి పోయే బోట్లకి పగుళ్ళు వస్తే రెసిన్, గాజు మాట్ వేసి పూడుస్తారు గదా, అదే రెసిన్‌తో మాగ్నెట్లన్నీ మునిగేట్టు ప్లేటు మీద పోత పోశాడు. "సముద్రంలో మునిగినా ఏం గాదు నా" అన్నాడు, అంత అవసరం రాకూడదని కోరుకుంటున్నా. ప్లేటుకి వెల్డింగ్ పనులేమన్నా ఉంటే మాగ్నెట్లు పెట్టకముందే చేయించుకోండి, ఈ రకం 80 డిగ్రీలు దాటితే బలం పోగొట్టుకుంటది, రోహిణి కార్తె ఎండకి ఏం గాదు గానీ వెల్డింగ్ వేడికి ఆగదు.

ఇప్పుడు గుడిసె మీద తిరుగుతా ఉంది. సాయంత్రం గాలికి లైటు, రెండు ఫోన్లు, చిన్న రేడియో ఆడతన్నాయి. గాలి పడిపోయిన రాత్రి ఏమీ ఆడదు, అది కూడా చెప్పాలి గదా. తుఫాను హెచ్చరిక వస్తే మూడు ఫేజు వైర్లూ కలిపి మెలేస్తాం, మర నీరసంగా ఒక్కో చుట్టు తిరుగుతా అట్టా నిలబడిపోద్ది. కరెంటు తీసేకొద్దీ తిప్పటం బరువెక్కుద్ది, మామ చేత్తో తిప్పి చూసి వైర్లు కలిపిస్తే "ఎవడో వెనక నించి పట్టుకున్నట్టుందిరా" అన్నాడు. యూట్యూబులో మాగ్నెట్లు పెట్టి గాలీ నీళ్ళూ ఏమీ లేకుండా దానంతటదే తిరిగే జనరేటర్ అని చూపిస్తారే, వాళ్ళు ఒక్కసారి ఈ వైర్లు కలిపి తిప్పి చూడాలి.

మామకి లేత్ మీద రాసుకున్న నోట్‌బుక్ చూపించా. చాలాసేపు చూశాడు. "అయితే ఇంకో 24 తెప్పించి రెండు ప్లేట్ల మీదా డబుల్ పేరిస్తే?" అన్నాడు. లెక్కేసి చెప్పా, 5.8ది ఏడు అయిద్ది మామా, ఇంకో పదివేలు అయిద్ది అని.

బీడీ ఆర్పి కట్ట కిందకి పారేశాడు. "ఆ పదివేలతో రెండో గుంట కాడ సోలార్ ప్లేటు పెట్టించు" అన్నాడు.